గాడిలో పసుపు

“పసుపు సేటు కొత్తింట్ల పేతురు ఎవలి కోసం పనిజేసిండనుకున్నరు? రూతు కోసం! గోడల పొడుగూత దాని పేరే చెక్కిండట. ఇగ పెండ్లి ఖాయం,” అని ఈరవ్వ అన్నదట. నల్లా దగ్గర ఆ మాట విన్న వెంకటవ్వ, బిందె నిండేలోపు వాడంతా పంచింది.

పేరు సంగతి అబద్ధం. చెక్కిన సంగతి నిజం.

అది 1966. నిజామాబాద్ గంజ్ మార్కెట్ వెనక పసుపు వ్యాపారి లక్ష్మీరాజం ఇల్లు కడుతున్నాడు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ దొరల బంగళాల్లోలాగ గోడల అడుగున టేకు పట్టీ, అదే స్కర్టింగ్, ఉండాల్సిందేనని ఆయన భార్య సుమిత్రమ్మ పట్టు. క్రైస్తవ మిషన్ వర్క్‌షాపులో పని నేర్చిన వడ్రంగి పేతురు మూడు రకాల పట్టీలు నమూనాకు చేసి, వరండా గోడకు ఆనించాడు.

ఆ ఇంట్లో పనిచేసే రూతమ్మ తడిగుడ్డతో తుడుచుకుంటూ వచ్చి, ఒక పట్టీని కాలితో పక్కకు జరిపింది.

“ఓ పిల్లా! కాలుతోటి నూకుతవా? చెక్కకు మర్యాద లేదా?”

“చెక్కకున్నది. అడ్డం పెట్టినోనికే లేదు, మేస్త్రీ.”

“మేస్త్రీ అనకు, ముసలోణ్ణి పిలిచినట్టున్నది. పేతురు అను.”

“పేతురూ, జరుగు.”

అతను జరగలేదు. “మూడిట్ల ఏది మంచిగున్నదో చెప్పు, జరుగుత.”

రూతు లోపలికెళ్ళి గుప్పెడు పసుపు పొడి తెచ్చి మూడింటి మీదా చల్లింది. పై అంచు వాలుగా ఉన్న పట్టీ గుడ్డ ఒక్కసారి తగలగానే తేటపడింది. గుండ్రటి అంచుది రెండుసార్లు తుడిస్తే గాని వదల్లేదు. మూడోది పేతురు ప్రాణం పెట్టి చేసినది. పైన పెదవిలాంటి అంచు, దాని కింద రెండు సన్నని గాడులు. తుడిచినకొద్దీ పసుపు వాటిలోకి ఇంకా దిగింది.

ఆమె చీపురుపుల్లతో గీకి చూపించింది. “బోధన్ బంగళాల మా అవ్వ ఇరవై ఏండ్లు గిట్లనే గీకింది. ఇప్పుడు ఆమె మోకాళ్ళు వంగవు. ఈ ఇల్లు తుడిచేది నేను. వాలుదే పెట్టు.”

“నువ్వు చెప్పిందే ఖాయం.”

“ఒట్టు?”

“ఏసు మీద ఒట్టు.”

ఆ వానాకాలమంతా తలుపులకీ కిటికీలకీ చెక్కను నునుపు చేస్తూ వరండాలో రందా ఆడుతూనే ఉంది. ఆమె ఊడ్చిన చోటే అతను మళ్ళీ చెక్కపొట్టు రాల్చేవాడు.

“కావాలెననే రాలుస్తున్నవ్ గదా?”

“లేకుంటె నువ్వు ఇటు దిక్కు వస్తవా?”

తిట్టేది. నవ్వేది. జల్లు కొట్టే రోజైతే కాస్త మెల్లగా ఊడ్చేది కూడా.

ఒకనాడు సుమిత్రమ్మ వచ్చి మూడు పట్టీలూ చూసింది. “నాకేం తెల్వది. పనోనివి, నువ్వే చెప్పు పేతురూ, ఏది పెట్టాలె?”

రూతు బకెట్‌తో గుమ్మంలోనే ఉంది.

వాలు పట్టీ ఎవరైనా చేస్తారు. అలాంటి గాడులు తీసే రందా మాత్రం ఊళ్ళో పేతురు దగ్గరే ఉంది.

“గాడులదే అమ్మా. బోధన్ల గూడ గింత సాఫ్ పని లేదు.”

రూతు బకెట్ ఎత్తుకుని లోపలికి పోయింది. తన పనితనానికి మురిసిపోయిందనుకున్నాడు పేతురు.

గృహప్రవేశమైన ఆరునెలలకు, ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక, అతను తల్లి శారమ్మను వెంటబెట్టుకుని రూతు ఇంటికి వెళ్ళాడు. శారమ్మ చేతిలో చక్కెర పొట్లం. అతని చేతిలో, మిగిలిన గాడుల పట్టీతో చట్రం కట్టిన అద్దం.

రూతు తల్లి బాలవ్వ గోడ పట్టుకుని లేవబోయి మళ్ళీ కూలబడింది. “కూసోండ్రి, కూసోండ్రి. ఇంతకన్న మంచి సంబంధం ఏడ దొరుకుతది? నా బిడ్డ మనసు గూడ గిదే.”

అందులో అబద్ధం లేదు. రూతు అద్దం అందుకుంది. ఆమె గోళ్ళ కింద పసుపు ఎండి ఉంది. చట్రం గాడిలో వేలు పెట్టి ఒక్కసారి లాగి చూసింది.

పేతురు నవ్వాడు. “రేపు మన ఇంట్ల ఏది జేసినా నిన్ను అడిగే జేస్త.”

ఆమె అద్దాన్ని శారమ్మ ఒడిలో పెట్టింది.

“అప్పుడు గూడ అడిగినవ్ గదా, పేతురన్నా.”