ఇనుము రుచి

పొద్దున్నే కోడలు పెట్టిన ఇడ్లీ నోట్లో పెట్టుకోగానే భువనేశ్వరి మొహం చిట్లించింది. మళ్ళీ అదే ఇనుము రుచి. తుప్పు మేకు నాకినట్టు! నాలుక కొసన మంట. పక్కనే కొడుకు మురుగేష్ మాత్రం నాలుగు లాగించి ఐదోది అడుగుతున్నాడు.

"ఏమత్తా, చట్నీ కారమా?" అంది భవిత.

"కారం నాకు కొత్తనా?" అంటూ ఆమె కంచం పక్కకు నెట్టింది.

నగరిలో మరమగ్గాల మోత మధ్య నలభై ఏడేళ్ళు బతికిన మనిషి. జబ్బంటే ఎరగదు. మురుగేష్ ఐరాల ఊరి నుంచి ఈ పిల్లను ప్రేమించి తెచ్చుకున్నాకే ఇదంతా మొదలైంది. మొదట నోరు మండింది. తర్వాత చేతుల మీద చీమలు పాకినట్టు జిలజిల. చూస్తే ఒక్క చీమా ఉండదు. ఇప్పుడు కుడి భుజం పట్టేసి జడ కూడా వేసుకోలేకపోతోంది. పక్కింటి తాయమ్మతో చెప్పుకుంటే ఆ మహాతల్లి చెవిలో ఊదనే ఊదింది.

"పెట్టుమందు భువనా! కూట్లో కలిపి పెడతారు. మొగుణ్ణి వశం చేసుకున్నాక ఇంగ అత్తేగదా అడ్డం? మందు కక్కించేవాళ్ళు ఉండారు, పోదాం పా."

అప్పట్నుంచి భువనేశ్వరి కళ్ళు కోడలి చేతులకు కాపలా కాశాయి. ఉప్పు డబ్బా వాసన చూసింది. పోపుల పెట్టె అడుగుదాకా వెదికింది. తన వంతు సంగటి దొంగచాటుగా వీధికుక్కకు వేసి, ఏమవుతుందోనని సాయంత్రం దాకా కనిపెట్టింది. ఆ కుక్క తోకాడిస్తూ మర్నాడు కూడా గుమ్మం ముందుకొచ్చి కూర్చుంది! గోడ మీది ఫోటోలోంచి తన అత్త చౌడేశ్వరమ్మ ఇదంతా చూస్తూనే ఉంది. బతికినన్నాళ్ళూ కోడలి చేతి కూడు ముట్టక, వేరే పొయ్యి పెట్టుకున్న మనిషి ఆమె.

ఆ మధ్యాహ్నం రసం నోట్లో పడగానే భువనేశ్వరి ఇక ఆగలేకపోయింది. కంచం విసిరేసింది.

"నిజం చెప్పు! ఏం కలిపినావే నా కూట్లో?"

భవిత కొయ్యబారిపోయింది. "నేనా? నీకా అత్తా?"

"అమ్మా!" మురుగేష్ కూడు ముందు నుంచి లేచాడు. "ఇంత మాటన్నాక ఈడ ఉండలేం. ఆడికృత్తిక పండగ కానీ, తిరుపతికి పోయి వేరే కాపురం పెట్టుకుంటాం."

ఒక్కగానొక్క కొడుకు! అయినా భువనేశ్వరి మాట వెనక్కి తీసుకోలేదు.

కృత్తిక నాడు ఒక్కపొద్దుండి తిరుత్తణి కొండ మీది గుడికి వెళ్ళింది. పచ్చి మంచినీళ్ళయినా ముట్టకుండా కొండ దిగి, కళ్ళెదుటే కొట్టించుకున్న లేత టెంకాయ నీళ్ళు గటగటా తాగింది. ఇనుము! అదే తుప్పు, అదే మంట. భవిత చెయ్యి సోకని నీళ్ళు కదా ఇవి! కావళ్ళు మోసుకెళ్ళే జనం మధ్య ఆమె సిగ్గుతో చచ్చిపోయింది.

ఇంటికొచ్చి, బట్టలు సర్దుకుంటున్న కోడలి ముందు నిలబడింది. "భవితా, టెంకాయ నీళ్ళు కూడా అట్లే ఉండాయి. తప్పు నీది కాదమ్మా."

భవిత చేతిలోని చీర మంచం మీద పెట్టింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, "రేపు ఆస్పత్రికి పోదాం, రా అత్తా," అంది.

తిరుపతిలో డాక్టరమ్మ రక్తపరీక్షలన్నీ చూసింది. షుగరు లేదు, రక్తం తగ్గలేదు. "నెలసరి ఆగిపోయే ముందు కొందరికి ఇలా అవుతుందమ్మా. నోటి మంట, ఇనుము రుచి, చీమలు పాకినట్టుండడం, భుజం పట్టేయడం. ఒళ్ళు మారుతోంది, అంతే. మందులున్నాయి, భయపడకు."

ఇంటికి రాగానే భువనేశ్వరి అత్త ఫోటో ముందు కూలబడింది.

"ఏమైందత్తా?"

"నేను ఈ ఇంట్లో కాలు పెట్టినప్పుడు ఈయమ్మకు నా వయసే. 'తుప్పు పెడతా ఉండావే నాకు' అని కంచం ఇసిరేసింది. చచ్చేదాకా నా చేతి కూడు తిన్లా. రాక్షసి అనుకుంటిని భవితా! పాపం, ఆమెకూ నోరు మండింది. ఎవురూ చెప్పలా, ఆమెకూ తెలీలా!"

వెక్కి వెక్కి ఏడ్చింది. భవిత సంగటి కలిపి తెచ్చి, పైకి లేవని ఆ భుజాన్ని ఆనుకుని కూర్చుని, ముద్ద నోటికందించింది.

అది ఇనుములాగే తగిలింది. భువనేశ్వరి మింగి, మళ్ళీ నోరు తెరిచింది.