ముందు చక్రాలు తిరగలేదు

సాయంత్రం 4.20. కొండదారి మలుపులో బురదలో దిగబడిన జీపు. స్టీరింగ్ మీద తల వాల్చి డ్రైవర్. ప్రాణం లేదు.

ఒంటి మీద గాయం లేదు. గుండెపోటని డాక్టర్ రెండు ముక్కల్లో తేల్చేశాడు. కేసు అక్కడితో ముగిసిపోవలసిందే. కానీ డ్రైవర్ అక్క, శవాన్ని వ్యాన్ ఎక్కిస్తుండగా, ఇన్‌స్పెక్టర్‌ను ఒక మాట అడిగింది.

"ఆఖర్లో వాడి పక్కన ఎవరైనా ఉన్నారా బాబూ? ఇరవై ఏళ్లు ఈ కొండ మీద ఒక్కడే బతికాడు. పోవడం కూడా ఒక్కడేనా?"

ఇన్‌స్పెక్టర్‌దీ ఒంటి బతుకే. హోటల్ భోజనం, తాళం వేసిన ఇల్లు. ఆ ప్రశ్న సూటిగా వచ్చి తగిలింది.

డ్రైవర్ పనిచేసే కొండ మీది సర్వే క్యాంపులో అతను కాక ఉండేది ఇంజనీర్ ఒక్కడే. అతన్ని జీపు దగ్గరికే పిలిపించాడు.

"డ్రైవర్ ఎప్పుడు బయల్దేరాడు?"

"ఒంటిగంటకు సార్. ఒక్కడే."

"మీరు?"

"గదిలో మ్యాపులు చూసుకుంటున్నాను."

"మీ బండి?"

"రిపేర్లో ఉంది."

అది కొత్త బండి. బటన్ నొక్కితే చాలు, నాలుగు చక్రాలూ లాగుతాయి.

ఇన్‌స్పెక్టర్ జీపు చుట్టూ తిరిగాడు. ముందు చక్రాలు కూడా లాగేలా చేసే ఫోర్ వీల్ డ్రైవ్ లివర్ వేసే ఉంది. వెనక చక్రాలు గోతులు తవ్వేశాయి. ముందు చక్రాల కింద బురద చెక్కుచెదరలేదు. ఫొటోలు తీయించాడు.

"ఇంజనీర్ గారూ, దీన్ని కాస్త బయటికి తీయండి."

ఇంజనీర్ ఎక్కి, లివర్ సరిచూసుకుని, యాక్సిలరేటర్ తొక్కాడు. వెనక చక్రాలు మాత్రమే బురద చిమ్మాయి.

పోలీసు డ్రైవర్ నిట్టూర్చాడు. ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, మధ్యలోని గుండ్రటి మూతను 'ఫ్రీ' నుంచి 'లాక్'కు చేత్తో తిప్పాడు. రెండో చక్రానికీ అంతే.

"ఇప్పుడు మెల్లగా తొక్కండి సార్."

ముందు చక్రాలు పట్టు దొరకబుచ్చుకున్నాయి. జీపు మూలుగుతూ గట్టెక్కింది.

"ఆ లాక్ తిప్పకపోతే లివర్ వేసినా దండగే," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఇరవై ఏళ్లు నడిపినవాడు బురద కనిపించగానే దిగి తిప్పుతాడు. ఇవాళ నడిపినవాడికి ఆ సంగతి తెలియదు. ఈ కొండ మీద అలాంటి మనిషి మీరే."

ఇంజనీర్ ముఖం పాలిపోయింది.

"నేను చంపలేదు సార్. గుండె పట్టుకుని కూలబడిపోయాడు. ఆస్పత్రికి తీసుకెళ్దామనే బయల్దేరాను. ఇక్కడ దిగబడింది. నలభై నిమిషాలు తొక్కుతూనే ఉన్నాను. నా పక్కసీట్లోనే పోయాడు. నా చేతకానితనం వల్లే పోయాడంటారని భయమేసింది. అతన్ని స్టీరింగ్ ముందుకు జరిపి, క్యాంపుకు నడుచుకుంటూ వెళ్లిపోయాను."

ఇన్‌స్పెక్టర్‌కు ఒళ్లు మండింది. అయినా ఆ అక్కకు చెప్పడానికి ఒక్క మంచిమాట దొరికిందనుకున్నాడు.

ఆమె అప్పటికే దగ్గరకు వచ్చి నిలబడింది. అంతా విన్నది.

"నీతో ఏమన్నా మాట్లాడాడా?"

"మాట రాలేదమ్మా. చెయ్యి ఇలా తిప్పుతూనే ఉన్నాడు." ఇంజనీర్ గాలిలో వేళ్లు తిప్పి చూపించాడు. "ఉక్కపోస్తోందేమో అనుకుని కిటికీ అద్దం దించాను."

పోలీసు డ్రైవర్ ముందు చక్రం మూత వైపు చూసి, ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

ఆమె ఆ వేళ్లనే చూస్తూ ఉండిపోయింది.

"పక్కన మనిషి ఉండి కూడా, వాడు ఒక్కడే పోయాడు," అంది.