భారతమ్మ వంతు

ఎర్రుపాలెంలో వెంకటరామారావు ఇంట్లో పొద్దున్నే కంప్యూటర్ ముందు కూర్చునే వంతు ఆయనదే. భుజం మీద తువ్వాలు, చేతిలో కాఫీ గ్లాసుతో కుర్చీ లాక్కుని కూర్చుంటాడు. ఖమ్మం మార్కెట్‌లో మిర్చి ధర చూస్తాడు, పేపర్లు తిరగేస్తాడు, ఆ తర్వాత ఎవరూ చూడకుండా కాసేపు పేకాడుకుంటాడు. ఎవరూ చూడడం లేదని ఆయన అనుకుంటాడు గానీ, ఇంట్లో అందరికీ తెలుసు.

ఆ కంప్యూటర్ కొడుకు జయప్రకాశ్ మధిరలో ఎరువుల కొట్టు పెట్టినప్పుడు కొన్నది. కొట్టుకు కొత్తది వచ్చాక ఈ ముసలిది ఇంటికి చేరి ముందు గదిలో బల్ల మీద స్థిరపడింది. ఇంట్లో మనుషులు నలుగురు, కంప్యూటర్ ఒక్కటి. అందుకని జయప్రకాశ్ నలుగురి పేర్లతోనూ వేరువేరు ఖాతాలు తెరిచి పెట్టాడు. ఆన్ చేయగానే తండ్రి పేరు, తల్లి భారతమ్మ పేరు, తన పేరు, భార్య మనోజ్ఞ పేరు వరసగా కనిపిస్తాయి. ఎవరి పేరు మీద వాళ్ళు నొక్కి, ఎవరి పాస్‌వర్డ్ వాళ్ళు కొట్టుకుంటే సరి. ఒకరి సామాను ఇంకొకరికి కనిపించదు.

ఖాతాలు కొడుకు తెరిచినా, వంతులు వేసింది మాత్రం వెంకటరామారావే. ఆయన బతుకంతా సాగర్ కాలువ చివరి భూముల్లో గడిచింది. నీళ్ళు వదిలారని పేపర్లో పడేది, పొలానికి మాత్రం వచ్చేవి కావు. ఎగువనున్న రైతులు తమ వంతు అయిపోయినా తూము దించేవాళ్ళు కాదు. అడిగితే దించామనేవాళ్ళు, వెళ్ళి చూస్తే కింద సందులోంచి నీళ్ళు పారుతూనే ఉండేవి. నీటి సంఘానికి అధ్యక్షుడైన రోజున ఆయన ఒకే ఒక్క నియమం పెట్టాడు. వంతు అవగానే తూము దించాలి, పూర్తిగా దించాలి. సొంత బావమరిది తూమును కూడా దగ్గర నిలబడి దింపించాడు. ఆ బావమరిది తర్వాత చాలాకాలం అక్క గడప తొక్కలేదు. ఊళ్ళో ఇప్పటికీ ఆ సంగతి మెచ్చుకుంటూ చెప్పుకుంటారు. భారతమ్మ మాత్రం ఎప్పుడూ చెప్పదు.

ఆ నియమమే కంప్యూటర్‌కూ వచ్చింది. పొద్దున ఆయన వంతు, ఆ తర్వాత కోడలిది, మధ్యాహ్నం భారతమ్మది, సాయంత్రం కొడుకుది. లేచేటప్పుడు ఎవరైనా సరే అన్నీ మూసేసి సైన్ అవుట్ అవ్వాలి. అంత పని అక్కర్లేదు, స్విచ్ యూజర్ అని ఒకటుంది, అది నొక్కితే మన పని అడుగున అట్లాగే నడుస్తుంటే పైన ఇంకొకరు కూర్చోవచ్చు అని జయప్రకాశ్ చెప్పబోయాడు. వెంకటరామారావుకు ఆ పద్ధతి వినగానే గిట్టలేదు.

"అంటే కింద పారుతనే ఉంటదన్నమాట. తూము దించకుండ పక్కోనికి వంతిచ్చుడు ఏం పద్ధతిరా?" అన్నాడు.

భారతమ్మకు కూడా వంతు వేశానని ఆయనకు లోపల కాస్త గర్వంగానే ఉండేది. న్యాయమంటే అందరికీ న్యాయమే కదా. ఆవిడ విని నవ్వి, పొంగుతున్న పాల దగ్గరికి వెళ్ళిపోయింది.

కోడలు మనోజ్ఞది భద్రాచలం. పెళ్ళికి ముందు హైదరాబాద్‌లో వీడియోలు ఎడిటింగ్ చేసేది. పెళ్ళవగానే ఉద్యోగం వదిలేసి వచ్చింది. ఇంటి నుంచే చేసే పని ఇప్పించమని అప్పటి నుంచీ కనపడిన ప్రతి కంపెనీకీ రాస్తూనే ఉంది. కొందరు కుదరదన్నారు, ఎక్కువమంది అసలు జవాబే ఇవ్వలేదు. చివరికి ఒక కంపెనీ వాళ్ళు సొంతంగా ఒక చిన్న సినిమా చేసి పంపమన్నారు. నచ్చితే ఇంట్లోనే కూర్చుని పని చేయొచ్చు. సోమవారం సాయంత్రం వరకే గడువు. మనోజ్ఞ పుట్టింటికి వెళ్ళినప్పుడు దగ్గరి అడవి పల్లెలో కన్నమ్మ అనే ముసలామె వెంట తిరిగి, తెల్లారుజామున ఇప్పపువ్వు ఏరే ఆడవాళ్ళను వీడియో తీసుకుని వచ్చింది. ఆ బొమ్మలన్నీ కత్తిరించి, అతికించి, కన్నమ్మ పాటను వాటి మీద పరిచి, ఆదివారం సాయంత్రానికి కూర్పు పూర్తిచేసింది. ఇక ఆ ముసలి కంప్యూటర్ దాన్నంతా ఒక్క వీడియోగా తయారుచేయాలి. దానికి చాలా గంటలు పడుతుంది.

సోమవారం పొద్దున వెంకటరామారావు తన పేరు నొక్కి కూర్చున్నాడు. మిర్చి ధర రావడానికి ఒక యుగం పట్టింది. పేపరు సగం తెరుచుకుని ఆగిపోయింది. పేకముక్క ఒకటి లాగితే, అది కదలాలా వద్దా అని ఆలోచించుకుంటున్నట్టు మధ్యలో నిలబడింది. ఇంకొకరైతే కంప్యూటర్ పాతబడిందనుకునేవారు. ఆయన అట్లా అనుకోలేదు. తన వంతులో కాలువ పలచబడితే దానికి కారణమేమిటో ఆయనకు తెలుసు. పైన ఎవరో తూము ఎత్తారు.

పేర్లు కనిపించే చోటికి వెళ్ళి చూశాడు. భారతమ్మ పేరు కింద సన్నటి అక్షరాల్లో, ఆ ఖాతా తెరిచే ఉందని రాసి ఉంది. సెల్‌ఫోన్ మోగితే కొడుకును కేకేసే భారతమ్మ కంప్యూటర్ తెరవడమేమిటి? ఆయనకు విషయమంతా ఒక్కసారిగా అర్థమైనట్టనిపించింది. కాలువ మీద కూడా ఇట్లాంటి ఘనులు ఉండేవారు. తమ వంతు చాలక అత్త పేరు మీదా, మేనమామ పేరు మీదా వంతులు రాయించుకుని పారించుకునేవారు. వాళ్ళను పట్టుకోవడంలోనే ఆయన జుట్టు నెరిసింది.

వెంటనే షట్‌డౌన్ నొక్కాడు. ఇంకొకరు ఈ కంప్యూటర్ వాడుతున్నారనీ, ఇప్పుడు ఆపితే వాళ్ళ పని పోవచ్చనీ తెర మీద ఇంగ్లీషులో వచ్చింది. ఆయనకు ఇంగ్లీషు బాగానే వచ్చు. చదివాడు, అర్థం చేసుకున్నాడు, పోవాలనే నొక్కాడు.

తలస్నానం చేసి వచ్చిన మనోజ్ఞ గుమ్మంలో ఆగిపోయింది. తెర నల్లగా ఉంది. ఎవరు ఆపారని మెల్లగా అడిగింది. నేనే ఆపానని ఆయన చెప్పాడు.

"ఇంకొంచెమే ఉండె మామయ్యా. మీ కాఫీ అయ్యేలోపల అయిపోయేది" అంది మనోజ్ఞ. ఆమె గొంతు పెరగలేదు. తలకు చుట్టుకున్న తువ్వాలు జారిపోతుంటే పట్టుకోవడం కూడా మర్చిపోయింది.

బ్రష్ నోట్లో పెట్టుకుని వచ్చిన జయప్రకాశ్ సంగతి తెలుసుకుని, తిరిగి వెళ్ళి నోరు కడుక్కుని మరీ వచ్చాడు. తండ్రి ముందు గట్టిగా మాట్లాడిన అలవాటు అతనికి లేదు. ఆ రోజు మాట్లాడాడు. ఆ పని కోసం మనోజ్ఞ ఎంతకాలంగా ఎదురుచూస్తోందో చెప్పాడు. పొలం కాదు, కాలువ కాదు, ఇది ఇల్లు అన్నాడు. తండ్రి కూడా తగ్గలేదు. నియమం నియమమేననీ, కావాలంటే మీ వంతు నాకివ్వండని ముఖం మీద అడగాల్సిందనీ, మీ అమ్మ పేరు మీద దొంగ వంతు పారించుకోవడమేమిటనీ అన్నాడు. దొంగ అనే మాట వినగానే మనోజ్ఞ తల దించుకుంది.

జయప్రకాశ్ చాలా మామూలుగా చెప్పాడు. "ఇగ వద్దులే నాన్నా. మేం హైదరాబాద్ పోయి ఏదన్న ఇల్లు కిరాయికి తీసుకుంటం. నేను కొట్టు చూసుకొని వచ్చిపోతుంట. ఈమె పని ఈమె చేసుకుంటది."

వంటింట్లో దోసె చప్పుడు ఆగింది. భారతమ్మ పొయ్యి ఆర్పి, కొంగుకు చెయ్యి తుడుచుకుంటూ వచ్చి కోడలి పక్కన నిలబడింది. ఎవరి మీదా అరవలేదు. ఆవిడకు అరవడం చాతకాదు.

"దొంగ వంతు కాదది. నేనే ఇచ్చిన. నిన్న పని కాకపోతే, ఆపకమ్మా, నా పేరు మీదికి తెచ్చుకొని నడవనియ్యి అన్నది నేనే. అనాల్సింది నన్ను."

"నీకు కంప్యూటర్‌తో ఏం పని? నీ వంతు నువ్వు ఇంకొకరికి ఇచ్చుడేంది?" అన్నాడు వెంకటరామారావు.

"నాకు మధ్యాహ్నం వంతేసిండ్రు. మధ్యాహ్నం నేనేడుంట? మీకు అన్నం పెట్టాలె, కూలోళ్ళకు పెట్టాలె, గిన్నెలు కడగాలె. అవన్ని అయ్యేసరికి నా వంతు అయిపోతది. ఆ టైముల ఈ కంప్యూటర్ ముందు ఎవరన్న ఉంటరా అని ఎన్నడన్న చూసిండ్రా? చివరి భూములకు నీళ్ళు వస్తలేవని ఊరంత కొట్లాడిండ్రు. నా తమ్ముడిని సుత ఇడవలే. ఇంట్ల చివరి భూమి ఏదో మీకు కండ్లబడలేదు. పేరుకే వంతు, పారింది ఎన్నడు లేదు."

నీళ్ళు వదిలారని రాసిన పేపరును ఇంజనీరు బల్ల మీద విసిరికొట్టి, కాగితం మీద పారితే నా వరి పండుతుందా అని అరిచిన రోజు వెంకటరామారావుకు గుర్తొచ్చింది. ఆ ఇంజనీరు కూడా పాపం న్యాయంగానే వంతులు వేశాననుకుని ఉంటాడు. తన ఇంట్లో ఎగువ రైతు తనేనన్నమాట. ఆయనకు సిగ్గేసింది. పెళ్ళాం ముందు, కొడుకు ముందు, కోడలి ముందు ఒకేసారి సిగ్గుపడడం ఆయన వయసులో తేలికైన పని కాదు. తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. తుడుచుకున్నది చెమటే కాదని ముగ్గురికీ తెలుసు.

మళ్ళీ చేయడానికి వీలుంటుందా అని కోడలిని అడిగాడు. కూర్పు భద్రంగానే ఉంటుందనీ, వీడియో మాత్రం మళ్ళీ మొదటి నుంచి తయారవ్వాలనీ, ఇప్పుడు మొదలుపెడితే సాయంత్రానికి అందొచ్చు, అందకపోవచ్చనీ మనోజ్ఞ చెప్పింది. పైగా తీగల పని ఉందని మధ్యాహ్నం కరెంటు తీసేస్తారు.

"పెట్టమ్మా. తప్పు నాది. సాయంత్రం దాక ఎవరు ముట్టుకోకుండ నేను చూసుకుంట" అన్నాడు వెంకటరామారావు.

కంప్యూటర్ ఆన్ చేసి కుర్చీలోంచి లేచాడు. మనోజ్ఞ కూర్చోబోతుంటే భారతమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసి ఆపింది. తన పేరు తనే నొక్కుతానని కుర్చీలో కూర్చుంది. ఆవిడ ఎప్పుడు నేర్చుకుందో ఆయనకు తెలియదు. కళ్ళద్దాలు సరిచేసుకుని, చూపుడువేలు మీటల మీదికి తెచ్చి, అక్కడే ఆపి భర్త వైపు చూసింది.

"అటు తిరగండి" అంది.

వెంకటరామారావు గోడ వైపు తిరిగాడు. గోడ మీది క్యాలెండర్‌ను చూస్తూ నిలబడ్డాడు. వెనక ఒక్కొక్క మీటా నింపాదిగా పడుతున్న చప్పుడు వినిపించింది. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఈ మనిషి దగ్గర తను చూడకూడనిది ఒకటుంటుందని ఆయనకు ఎప్పుడూ తోచలేదు. మొత్తం కొట్టేదాకా కదలకుండా నిలబడ్డాడు.

మధ్యాహ్నం కరెంటు పోయింది. ఇంట్లో ఉన్న ఇన్వర్టర్ కూడా పాతదే, అన్నిటినీ మోస్తే త్వరగా దిగిపోతుంది. ఆయన లేచి గదిగదికీ తిరిగి ఫ్యాన్లు కట్టేశాడు, లైట్లు ఆర్పాడు, టీవీ ప్లగ్గు పీకేశాడు. దేవుడి దగ్గర వెలిగే చిన్న బల్బును కూడా కాసేపు చూసి, దణ్ణం పెట్టుకుని ఆర్పేశాడు. తర్వాత కంప్యూటర్ పక్కన స్టూలు వేసుకుని, తువ్వాలుతో విసురుకుంటూ కూర్చున్నాడు. కాలువ గట్టు మీద నీళ్ళకు కాపలా కూర్చున్నప్పుడు కూడా ఇట్లాగే కూర్చునేవాడు. జయప్రకాశ్ కొట్టుకు వెళ్ళలేదు. అతను కూడా వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు, తండ్రితో మాట్లాడకుండానే.

పూర్వం కాలువ తూములు చూసుకునే లస్కరుగా చేసిన బాబూరావు వచ్చి, ఒక పంచాయితీ ఉంది రమ్మన్నాడు. వెంకటరామారావు కూర్చున్న చోటు నుంచి కదలలేదు.

"ఇయ్యాల కుదరదు. వంతు నడుస్తంది."

"ఎవరిది?" అన్నాడు బాబూరావు, ఆర్పేసిన ఇల్లంతా చూసి.

"భారతిది" అన్నాడు ఆయన.

వంటింట్లో పళ్ళెం కింద పడిన చప్పుడైంది. దాన్ని తీయడానికి భారతమ్మకు కొంచెంసేపు పట్టింది.

ఎండ వాలుతుండగా కరెంటు వచ్చింది. దీపాలు పెట్టే వేళకు వీడియో తయారైంది, మనోజ్ఞ పంపించింది. పంపే ముందు నలుగురూ నిలబడి ఒకసారి చూశారు. మసక వెలుగులో కన్నమ్మ వంగి ఇప్పపువ్వు ఏరుతూ, తన భాషలో ఏదో పాడుతోంది. పాట అయిపోయినా వెంకటరామారావు తెర మీదే చూపు పెట్టి, ఇంత పని చేశావా అమ్మాయ్ అన్నాడు. మనోజ్ఞకు పొద్దుటి నుంచీ రాని ఏడుపు అప్పుడు వచ్చింది. భారతమ్మ ఆమెను దగ్గరికి తీసుకుంది. కిరాయి ఇంటి మాట జయప్రకాశ్ మళ్ళీ ఎత్తలేదు.

ఆ ఉద్యోగం మనోజ్ఞకే వచ్చింది. కంపెనీ వాళ్ళు లాప్‌టాప్ పంపారు. ఆమె గదిలోనే కూర్చుని పని చేసుకుంటుంది, ఈ ముసలి కంప్యూటర్‌తో ఆమెకు పని లేదు. మధ్యాహ్నం అన్నాలయ్యాక గిన్నెలు కడిగే వంతు ఇప్పుడు వెంకటరామారావుది, కంప్యూటర్ ముందు కూర్చునే వంతు భారతమ్మది. ఆయన గిన్నెలు బాగా కడగడు. భారతమ్మ కొన్నిటిని ఆయన చూడకుండా మళ్ళీ కడుక్కుంటుంది.

ఒకరోజు పొద్దున ఆయన కాఫీ గ్లాసుతో వచ్చి కూర్చున్నాడు. పేకముక్క మధ్యలో ఆగింది. వెళ్ళి చూస్తే భారతమ్మ పేరు కింద మళ్ళీ అవే సన్నటి అక్షరాలు. పాత అలవాటుగా చెయ్యి షట్‌డౌన్ మీదికి పోయి, నొక్కేసింది. ఇంకొకరు వాడుతున్నారు, ఆపితే వాళ్ళ పని పోవచ్చు అని తెర అడిగింది. ఆయన వేలు అక్కడే నిలిచిపోయింది.

"భారతీ, నీదేందో నడుస్తున్నట్టుంది. ఆపనా?" అని వంటింటి వైపు అడిగాడు.

ఆవిడ పొయ్యి తగ్గించి, గుమ్మం దాకా వచ్చింది.

"ఆపొద్దు. నాదే" అంది.

ఏమిటని ఆయన అడగలేదు. వద్దని నొక్కి, కాఫీ గ్లాసు తీసుకుని వాకిట్లోకి వెళ్ళి కూర్చున్నాడు.