డిజైనర్‌లో కదిలిన ముల్లు

పొద్దున ఎనిమిది. గుంతకల్లు జంక్షన్, మూడో ప్లాట్‌ఫారం. ఏజెంట్ వెంకటేశులు కంప్యూటర్ మెకానిక్ వేషంలో టీ ఊదుకుంటూ నిలబడ్డాడు. చేతి గడియారంలో వైర్‌లెస్ సిగ్నళ్లను ఆపేసే జామర్ ఉంది.

"పామిడిలో వాన పడిందా?" పక్కనుంచి ఒక గొంతు.

"పడింటే నేనీడ ఎందుకుంటా?"

కోడ్ సరిపోయింది. నల్ల కళ్లద్దాలు, ధర్మవరం పట్టుచీర, కూలీలంతా మెడలు తిప్పి చూసే నడక. చౌడేశ్వరి. విదేశీ ముఠాలో ఉంటూ మనకు కబుర్లు చేరవేసే మనిషి. అలాగని చీఫ్ చెప్పాడు. చీఫ్ చెప్పేవన్నీ నిజమైతే ఈ కథే ఉండేది కాదు.

"టార్గెట్ పెన్న ఒడ్డు వాటర్ స్కీము," అంది. "నలభై రెండు ఊళ్లకు తాగే నీళ్లు. ట్యాంకు కడిగేటప్పుడు నీళ్లు వదిలే వాల్వు ఒకటుండాది. దాన్ని తెరిచేది కంప్యూటరు. దాని తెరమీద నీటిమట్టం చూపే మీటరు మావోళ్లు అమ్మిన కస్టమ్ కంట్రోల్. పదకొండింటికి అది పని మొదలుపెడితే ట్యాంకంతా ఇసకపాలు."

"ఆపేదెట్లా?"

"ఆ తెరను తయారుచేసే డిజైనర్‌లో ఫారం తెరువు. మీటరు సెలెక్ట్ చెయ్యి. డిలీట్. అంతే కదప్పా!"

వెంకటేశులు టీ గ్లాసు పక్కన పెట్టేశాడు. ఆ పైపులైను చివర విడపనకల్లు దగ్గర అతని అక్క సుజాత ఊరు. నాలుగు రోజులకోసారి నీళ్లు. ట్యాంకు ఖాళీ అయితే మళ్లీ నింపడానికి ఏట్లో చుక్క లేదు.

పదింబావుకు పంపుహౌసు చేరాడు. ముందు కంటబడింది ఆ వాల్వే. మోటారు బిగించిన చక్రానికి లావుపాటి గొలుసు, తాళం.

"ఏమయ్యా ఇది? ఆటోమేటిక్ వాల్వుకు గొలుసేమిటి?"

ఆపరేటర్ రామప్ప తల గోక్కున్నాడు. "ఊరోళ్లు ఏసినారు సార్. ఇది తెరిస్తే నీళ్లు ఏట్లో పోతాయని భయం. తాళంచెవి వంతుకు ఒక ఊరోళ్ల దగ్గర ఉంటాది. ఈ వారం నాగలక్ష్మమ్మ. ఆయమ్మ తీయల్లంటే తర్వాత వంతు ఊరోళ్లు వచ్చి సాక్షిగా నిలబడల్ల."

"నేను కంప్యూటరు టెస్టు చేసేటప్పుడు మోటారు తిరిగితే, గొలుసు పట్టేసి కాలిపోతుంది. ఎవరు జవాబు చెప్తారు? పిలిపించు. తీయించు!"

రామప్ప ఫోను చేశాడు. మోటారు ఫ్యూజు పీకితే సరిపోయేదని మన ఏజెంటుకు తట్టలేదు. ఆర్నెల్ల ట్రైనింగులో డిజైనర్ గురించే చెప్పారు గాని, ఫ్యూజు గురించి ఎవరూ చెప్పలేదు పాపం.

పాత కంప్యూటరు అప్లికేషన్ ప్రాజెక్టు లోడ్ చేసేసరికి పదీ యాభయ్యారు. ప్రోగ్రామర్లు బటన్లు, గడులు పేర్చుకునే బల్ల ఈ డిజైనర్. పక్కనే టూల్‌బాక్స్. అందులో లేని వస్తువును బయటినుంచి తెచ్చి పెట్టుకుంటే అదే కస్టమ్ కంట్రోల్. వెంకటేశులు ఫారం మీద రెండుసార్లు నొక్కాడు.

ఫారం తెరుచుకుంది. గుండ్రటి మీటరు. దాని ముల్లు కదిలింది.

అతను ప్రోగ్రాం నడపలేదు. రన్ బటన్ ముట్టుకోలేదు. అయినా ముల్లు కదిలింది!

అప్పుడు గుర్తొచ్చింది. డిజైనర్ ఉత్త బొమ్మ చూపదు. కంట్రోల్‌ను నిజంగానే పుట్టించి ఫారం మీద కూర్చోబెడుతుంది. పుట్టగానే దాని కోడ్ నడుస్తుంది. ట్రైనింగులో మొదటి రోజు పాఠం. ప్రాపర్టీల జాబితాలో టెక్స్ట్ అన్నచోట రాసి ఉంది: 'థాంక్యూ వెంకటేశులూ. ఇట్లు, చౌడేశ్వరి.'

డిలీట్ కొట్టాడు. తెర బిగుసుకుపోయింది. జామర్ నొక్కాడు. సిగ్నల్ పోయేది వైరులో! బయట మోటారు మూలిగింది. గోడమీది ప్యానెల్ తెరిచాడు. ఇరవై ఫ్యూజులు, ఒక్కదానికీ పేరు లేదు. తెలిసిన రామప్ప వాల్వు దగ్గర ఉన్నాడు, గొలుసు తీయించడానికి. తీయించమన్నది తనే.

"అయ్యో దేవుడా!" అంటూ పరుగెత్తాడు. అక్క ఖాళీ బిందెలే కళ్లముందు.

గొలుసు బిర్రుగా లాక్కుంది. చక్రం వణుకుతోంది. నాగలక్ష్మమ్మ తాళంచెవిని పిడికిట్లో బిగించి నిలబడింది. రామప్ప బతిమాలుతున్నాడు.

"మోటారు కాలిపోతాండాది, ఇయ్యమ్మా!"

"కాలనీ. సాక్షి యాడ? సాక్షి రాందే నేనియ్య."

"తీయొద్దు పెద్దమ్మా! నీ కాళ్లు మొక్కుతా, తీయొద్దు!" ఆఫీసు తెలుగు మరిచిపోయి అరిచాడు వెంకటేశులు.

గొలుసులో ఒక లంకె సాగడం మొదలైంది. ముగ్గురూ చూస్తూ నిలబడ్డారు. ఇంకేమీ చేతకాలేదు. మోటారులోంచి పొగ లేచింది, మాడు వాసన కొట్టింది, మూలుగు ఆగింది. చుక్క నీరు పోలేదు.

అప్పుడు మోపెడ్ మీద పక్క ఊరి సాక్షి కుళ్ళాయప్ప దిగాడు. "లేటయింది, ఏమనుకోవద్దండి. తాళం తీయల్లా?"

వెంకటేశులు అక్కడే మట్టిలో కూలబడి ఏడ్చేశాడు. ఎందుకో వాళ్లకు అర్థం కాలేదు. నాగలక్ష్మమ్మ చెంబుతో నీళ్లిచ్చింది.

రైలు మూడు గంటలు లేటు కావడంతో చౌడేశ్వరి గుంతకల్లు ప్లాట్‌ఫారం మీదే దొరికింది.

సాయంత్రం రిపోర్టు ఫారం తెరిచేముందు అతను రెండుసార్లు ఆలోచించాడు. 'ముప్పును ఆపిన సాధనం' అన్నచోట లిస్టు: జామర్, సాఫ్ట్‌వేర్, ఆయుధం, ఏజెంటు. గొలుసు లేదు. 'ఇతరములు' నొక్కి, రిమార్కుల గడిలో నిజాయితీగా రాశాడు: 'సాక్షి లేటుగా వచ్చినందువల్ల.'