పేరు చెక్కిన పళ్లెం

"సుప్రజ చాక్లెట్ బార్లలో పాలు ఉండాయి. పాలు లేవని చెప్పి అమ్ముతాండారు. జాగ్రత్త."

ఊరి వాట్సాప్ గ్రూపులో ఈ మెసేజీ పొద్దున ఏడింటికి పడింది. ఏడుంపావుకల్లా సుప్రజ చెప్పులేసుకుని వీధిలో ఉంది.

రాసినవాడు రాజశేఖర్. నందికొట్కూరు ప్రైవేటు బడికి ఆరు నెలల కిందట ఆటల మాస్టారుగా వచ్చిన కడప అబ్బాయి. ముందురోజే ఆమె ఇంటికొచ్చి డజను బార్లు కొన్నాడు. "పాలు చుక్క కూడా పడవండీ నాకు" అని రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ ఆమె ఓపిగ్గా లేవనే చెప్పింది. పని అయిపోయాక కూడా అతను రెండు నిమిషాలు గుమ్మంలో ఊరికే నిలబడ్డాడు. ఆ రెండు నిమిషాలు తనకు నచ్చాయన్నదే ఇప్పుడు సుప్రజ కోపంలో సగం.

అతను బడి మైదానంలో కబడ్డీ కోర్టుకు సున్నంతో గీతలు వేస్తున్నాడు.

"సార్! గ్రూపులో రాసింది మీరేనా?"

"నేనే."

"నా బార్లలో పాలు మీరు కళ్ళతో చూసినారా?"

"చూడలా. తిన్నా." అంటూ ఇటు తిరిగాడు.

ఎడమ కన్ను పూరీలా ఉబ్బి మూసుకుపోయి ఉంది. పెదవులు వాచాయి. మెడ మీద ఎర్రటి దద్దుర్లు. సుప్రజకు ఒక్క క్షణం జాలేసింది. ఆ జాలి మీద కూడా కోపమొచ్చింది.

"దోమ కుట్టిందేమో."

"దోమ కుడితే ఇట్లయితాదా? అది దోమా, గేదెనా?"

"మెస్సులో ఇంకేమన్నా తినింటారు."

"సాయంత్రం నుంచి మీ బార్లు తప్ప ఇంకేం నోట్లో పెట్టలా. నాలుగు తిన్నా. ఆసుపత్రికి పోయి సూది వేయించుకోని వచ్చినా."

"నాలుగా?"

"బాగుండాయి" అన్నాడు, అదీ కోపంగానే.

"బాగుండక! మూడు నెలలు తిప్పలు పడినా అవి కుదరడానికి. కర్నూల్లో ఉండే మా ఊరామె ఒకరు నూరు బార్లు అడిగింది. మీ మెసేజీ చూసి ఇప్పుడే ఫోన్ చేసి వద్దనింది. నన్ను దొంగను చేసినారు ఊర్లో!"

అతను సున్నం డబ్బా కింద పెట్టాడు.

"సాయంత్రం ఐదుకు మా ఇంటికి రండి. మీ ముందరే చేస్తా. పాలు కనపడకపోతే అదే గ్రూపులో తప్పయిందని రాయాల."

"కనపడితే?"

"జన్మలో మళ్ళా బార్లు చెయ్యను."

"ఒక కన్నే పనిచేస్తాండాది. చాలా?"

"చాలు."

ఐదు కాకముందే వచ్చాడు. వంటింట్లో పీట వేసి కూర్చోబెట్టింది. మూలన సుప్రజ అవ్వ భీమమ్మ గోడకానుకుని చింతపండు గింజలు తీస్తోంది. మనవరాలు బార్లు మొదలుపెట్టిన రోజు నుంచీ పళ్లేలు కడిగి సిద్ధం చేయడం ఆమె పని.

సుప్రజ వేయించిన వేరుశనగ బుడ్డలు మిక్సీలో వేసి నూనె తేలి ముద్దయ్యేదాకా తిప్పింది. పుట్నాల పొడి, అవిసె గింజల పొడి, నానబెట్టి రుబ్బిన ఖర్జూరం కలిపింది. ప్రతి డబ్బానూ ముందు అతని మంచి కంటి దగ్గర పెట్టింది.

"చదవండి. గట్టిగా."

"కోకో పొడి. వేరే ఏం లేదు."

"ఈ నల్ల చాక్లెట్టు?"

"పాలు లేవు, పాలపొడి లేదు... ఏమండీ, బడిలో పిల్లోళ్ళతో ఎక్కాలు చెప్పించినట్ల ఉండాది."

"గుంజిళ్ళు కూడా తీయిస్తా, ఉండండి."

ముద్ద బాగా పిసికి పక్కన పెట్టి, "అవ్వా, పళ్లెం!" అంటూ పొయ్యి వైపు తిరిగింది. వేడినీళ్ళ మీద గిన్నె పెట్టి చాక్లెట్టు కరిగించసాగింది. తర్వాత అవ్వ అందించిన పళ్లెంలో ముద్ద సర్ది, పైన చాక్లెట్టు పోసి, ఫ్రిజ్జులో పెట్టి గట్టిపడ్డాక కోసింది.

"చూసినారు గదా? యాడన్నా పాలు కనపడినాయా?"

రాజశేఖర్ కోసిన ముక్కల వైపు ఒకసారి చూశాడు. తర్వాత ఫోన్ తీశాడు.

"లేవండీ. తప్పు నాదే. ఇప్పుడే రాస్తా."

సుప్రజ గెలిచింది. గెలిచినట్టు మాత్రం అనిపించలేదు. పొద్దున అంత కోపంగా ఉన్న మనిషి ఇంత మెత్తగా ఒప్పుకోవడమేమిటి?

"అయితే ఒకటి తినండి."

"కొంచెమే" అంటూ చెయ్యి చాపాడు. ఆ చెయ్యి సగంలో ఆగింది. అతని చూపు మూలకు పోయి వచ్చింది.

సుప్రజ కూడా మూలకు చూసింది. అవ్వ వేళ్ళు మెరుస్తున్నాయి. పక్కన చిన్న స్టీలు డబ్బా. సుప్రజ ఒక బార్ తీసి అడుగు భాగం ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. కోకో వెనక సన్నగా, కమ్మగా నెయ్యి.

అతను అందుకోబోతున్న ముక్కను చేత్తో కొట్టి కింద పడేసింది.

"అవ్వా! పళ్లేనికి నూనె రాయమని చెప్పినా గదా!"

"తీపికి నూనె రాస్తారా ఎవరన్నా?" అవ్వకు అంతకన్నా ఎక్కువ కోపమొచ్చింది. "నలుగురు తినే వస్తువు! రెండు వేళ్ళు నెయ్యి పూస్తే నీ సొమ్మేం పోయింది?"

"నెయ్యి పాలే గదా!"

"పాలు పాలు, నెయ్యి నెయ్యి. నాకు చెప్పొచ్చినావు!"

సుప్రజ రాజశేఖర్ వైపు తిరిగింది.

"మీరు చూసినారు."

"చూసినా."

"చూసి కూడా అబద్ధం రాయబోయినారా?"

"జన్మలో బార్లు చెయ్యనంటిరి. మా ఊర్లో, ఈ ఊర్లో, పాలు లేకుండా నాకు తినేదానికి చేసింది మీరొక్కరే. అది పోకూడదనుకున్నా."

"అందుకని విషం తింటారా? మీ జాలి ఎవరికి కావాల సార్?"

"జాలి కాదు."

మరి ఏమిటని ఆమె అడగలేదు. అతను చెప్పలేదు. బయట చీకటి పడకముందే సుప్రజ తనే గ్రూపులో రాసింది: "రాజశేఖర్ సార్ చెప్పింది నిజం. పళ్లేనికి నెయ్యి రాసినారు. చూసుకోకపోవడం నా తప్పు. కొన్నవాళ్ళందరికీ డబ్బులు వెనక్కిస్తా." కర్నూలు ఆమె దగ్గర్నుంచి చాలాసేపటికి ఒక్క లైను వచ్చింది: "ఈసారి పళ్లెం ఫోటో కూడా పెట్టమ్మా."

మూడో రోజు అవ్వ బజారు నుంచి కొత్త స్టీలు పళ్లెం తెచ్చింది. వాపు తగ్గిందని చెప్పడానికి రాజశేఖర్ అప్పుడే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అందుకు ఫోన్ చేస్తే సరిపోయేది.

"ఇది వేరే పళ్లెం. దీనికి నెయ్యి తగలనియ్యను" అంది అవ్వ. "గుర్తుండాల గదా, అందుకే పేరు చెక్కిచ్చినా."

సుప్రజ అంచు చూసింది. చుక్కల అక్షరాల్లో రెండు పేర్లు: రాజశేఖర్, సుప్రజ.

"అవ్వా! ఎవర్నడిగి చెక్కిచ్చినావు?"

"ఈ అబ్బి పేరే చెప్పినా. అంగడాయన 'అవ్వా, ఒక పేరేనా, పెళ్ళి సామానుకు రెండు పేర్లు గదా' అన్నాడు. అదే కూలికి రెండోది చెక్కుతానంటే యాల వద్దనాల? నీ పేరు చెప్పినా."

"పెళ్ళి సామానా! ఇది బార్లు చేసే పళ్లెం!" సుప్రజ చెవులు ఎర్రబడ్డాయి. "మీరన్నా చెప్పండి సార్, మిమ్మల్ని అడగకుండా ఇట్ల..."

"అడిగింటే ఒక మాట చెప్పేవాణ్ణి."

"ఏమని?"

"నీ పేరు ముందు చెక్కమని."

అవ్వ చింతపండు బుట్ట తీసుకుని, ఏమీ విననట్టు పెరట్లోకి వెళ్ళింది.

సుప్రజ చాలాసేపు పళ్లేన్ని తుడుస్తూనే ఉంది. తర్వాత శనగ నూనె తీసి తన చేత్తోనే రాసింది. పీట అతని వైపు కాలితో నెట్టింది.

"కూచో. నాకింకా కోపం పోలేదు."

"తెలుసు" అన్నాడు రాజశేఖర్. "పొయ్యేదాకా కూచుంటా."