నది అడుగు రాయి, ఘాటు సెంటు

"పొద్దున్నే డ్రిల్లింగ్ ఇంజనీర్ని కాల్చేశారు." బాస్ ఫొటో బల్ల మీదికి తోశాడు. "మధ్యాహ్నం రెండు రాష్ట్రాల ఇంజనీర్లూ హైవే వంతెన ప్లాను మీద సంతకాలు పెడతారు. నది అడుగు నుంచి తీసిన రాతి ముక్కల పెట్టె చూసి, నడి స్తంభం ఎక్కడ వేయాలో తేలుస్తారు. విదేశీ ముఠా ఆ పెట్టె మీద కన్నేసింది. గుల్ల చోట స్తంభం వేయించి, వంతెన కూలితే రెండు రాష్ట్రాలూ కొట్టుకు చావాలని వాళ్ళ ఎత్తు."

"పెట్టెకి కాపలా ఎవరు సార్?" అన్నాడు ఏజెంట్ గద్ద.

"పక్క రాష్ట్రం ఏజెంటు. ముఠా లోపల మన డబుల్ ఏజెంట్ కలువ ఉంది. కానీ చుట్టూ వాళ్ళ మనుషులే, నోరు విప్పే వీల్లేదు. ఏదో ఒక గుర్తు ఇస్తుంది, కనిపెట్టు."

కలువ పేరు వినగానే గద్ద గుండె కలుక్కుమంది. ఎప్పుడూ అంతే.

బొత్తంలో కెమెరా, వాచీలో ట్రాన్స్‌మిటర్ పెట్టుకుని, ఫొటోగ్రాఫర్ వేషంలో గెస్ట్‌హౌస్ హాల్లోకి అడుగుపెట్టాడు. ఏముందక్కడ! కలువ ఆ పక్క రాష్ట్రం ఏజెంటు భుజం మీద చెయ్యేసి పగలబడి నవ్వుతోంది. వాడేమో సన్న మీసం, తెల్ల కోటు, ఒట్టి షోకిల్లా. గద్దకి ఒళ్ళు మండిపోయింది. తన దగ్గర ఆవిడ ఏనాడైనా అలా నవ్విందా? ఎప్పుడైనా ఓ చిరునవ్వు, అదీ డ్యూటీలో భాగంగానే.

"ఒక్క ఫొటో సార్," అంటూ దగ్గరికెళ్ళాడు. వాడి కోటు మీంచి సెంటు గుప్పుమంది. తను ఏరికోరి కలువకి కొనిచ్చిన సెంటే! తన ఎదుట ఒక్కసారీ పూసుకోని మనిషి, వీడికి పూసిందన్నమాట. వంతెనా గింతెనా అన్నీ నదిలో కలిసిపోనీ అనుకున్నాడు గద్ద.

ఇంజనీర్లు పెన్ను మూతలు తీశారు. "ఇలా రావయ్యా ఫొటోగ్రాఫరూ, పెట్టె కూడా పడాలి!"

గద్ద పెట్టె మీదికి వంగాడు. మళ్ళీ అదే సెంటు! రాళ్ళకి సెంటెవరు పూస్తారు? మొద్దు బుర్రకి అప్పుడు వెలిగింది. కోటూ, పెట్టే రెండూ కలువ పెట్టిన గుర్తులే. దొంగ వాడే, దొంగసరుకు ఇదే.

"ఆగండి! పెట్టె మార్చేశారు!"

షోకిల్లా పిస్టల్ తీశాడు. గద్ద చేతికందిన రాతి ముక్క విసిరేశాడు. పిస్టల్ ఎగిరి కిటికీ అవతల పడింది. అసలు పెట్టె వాడి కారు డిక్కీలో దొరికింది. అందులో రాయంతా తేనెపట్టులా చిల్లులే, అంటే స్తంభం వేయబోయిన చోటంతా గుల్లే.

"అంత ఘాటు సెంటు నువ్వు తప్ప ఎవరూ కొనరు, ఇట్టే పసిగడతావనుకున్నా," అంది కలువ. "ఇంతసేపా?"

"మరి ఆ నవ్వు? అదీ నాటకమేగా?"

"అది మాత్రం నిజం నవ్వే. వాడు జోకులు భలే చెప్తాడు."

ఆ సాయంత్రం లాకప్‌లో షోకిల్లా ఎదుట గద్ద కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ముఠా నాయకుడి పేరు రాబట్టాలని బాస్ ఆర్డరు. గద్ద చొక్కా చేతులు మడిచి, పళ్ళు నూరుతూ మొదటి ప్రశ్న వేశాడు.

"ఆవిడకి ఏం జోకు చెప్పావురా?"