అడుగున ఒక బిరడా

"వాయించుకో నాయనా. నాకు అభ్యంతరం లేదు."

పాస్టరు పరంజ్యోతి గారి నోట ఆ మాట రాగానే హెబ్రోను చేతిలోని స్క్రూడ్రైవరు జారి, బాగు చేస్తున్న రేడియో కడుపులో పడింది. ఆర్నెల్లుగా బతిమాలుతున్నాడు మరి! వచ్చే ఆదివారం కోత పండుగ ఆరాధనలో, ఇందుకూరుపేట చర్చిలో మొట్టమొదటిసారి బేస్ గిటారు మోగబోతోంది.

"కానీ ఒక్క మాట," అన్నారు పాస్టరు గారు రేడియో షాపు మెట్టు దిగుతూ. "పోయినసారి మైకు కోసం నువ్వు తెచ్చిన పెట్టె గరగరమని పాటంతా చెడగొట్టింది. ఈసారీ అట్టాగే అయిందో, మొదటి చరణంతో ఆపించేస్తా. ఇంక మళ్ళీ అడగబోకు."

గిటారు మద్రాసు స్నేహితుడు ఇచ్చింది. ఆంప్లిఫయరు హెబ్రోను సొంతంగా వాల్వులు కూర్చి చేసుకున్నది. పదిహేనంగుళాల స్పీకరూ ఉంది. లేనిదల్లా దానికి తగ్గ పెట్టె. లావు తీగ మీటితే స్పీకరు వెనక గాలి గట్టిగా తోస్తుంది. పెట్టెలో వెంట్రుకంత సందున్నా గోలే. అంత బిగుతుగా చెక్కపని చేసేవాళ్ళు ఎవరున్నారా అని ఆలోచించి, సైకిలెక్కి మైపాడు దారి పట్టాడు. అక్కడ సముద్రపు ఒడ్డున పడవలు కట్టే అబ్రహాము ఉన్నాడు.

అబ్రహాముకంటే ముందు ఆయన కూతురు ఆనందకుమారి కనిపించింది. ఆ ఏడే నెల్లూరులో బి.ఎ. ముగించి వచ్చిందట. బోర్లించిన పడవ మీద కూర్చుని, కాళ్ళూపుకుంటూ చదువుకుంటోంది. హెబ్రోను చేతిలోని కాగితం మీద గీసిన మనిషంత పెట్టె బొమ్మ చూసి ముఖం విచారంగా పెట్టింది.

"అయ్యో. ఎవరు పోయినారండీ?"

"ఎవరూ పోలేదు! ఇది స్పీకరు పెట్టె!"

"ఇంతదా? పాడేవాళ్ళు గూడా లోపలే కూర్చుంటారా?"

హెబ్రోను ఫిజిక్సంతా విప్పి చెప్పబోయాడు. ఆ కళ్ళు నవ్వుతున్నాయని గమనించేసరికి ఫిజిక్సు ఎటో పోయింది.

"గాలి బయటికి పోగూడదు, అంతే గదా?" అన్నాడు అబ్రహాము బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి. "ముప్పయ్యేళ్ళుగా నీళ్ళు లోపలికి రాకుండా చేస్తుండా. గాలెంత అబ్బయ్యా!"

గురువారానికి పెట్టె సిద్ధమైంది. అంగుళం మందం మామిడి చెక్క. సందుల్లో కొబ్బరి పీచు కూరి, నూనెలో కాచిన గుగ్గిలం పూశాడు. సముద్రంలోకి తోస్తే తేలుకుంటూ పోయేట్టుంది. హెబ్రోను మురిసిపోయి స్పీకరు బిగించాడు. పక్కనున్న రైస్ మిల్లు నుంచి కరెంటు తీగ లాగాడు. లావు తీగ మీటాడు.

కాళ్ళకింద ఇసుక అదిరింది. పాక మీది కాకులు లేచిపోయాయి. ఆ వెనకే ఎక్కణ్ణుంచో, గర్ర్ర్...

ఆ రోజంతా వాల్వులు పీకి పెట్టాడు. గర్ర్ర్. శుక్రవారం మళ్ళీ వచ్చి, స్పీకరు విప్పి బిగించాడు. గర్ర్ర్.

"జలుబు చేసినట్టుంది పాపం. మిరియాల కషాయం పెట్టమంటారా?" అంది ఆనందకుమారి మజ్జిగ గ్లాసు అందిస్తూ.

"మీకు నవ్వుగా ఉంది."

"మరి ఏడ్వాలా?" అని, గ్లాసు వెనక్కి తీసుకోవడం మరిచిపోయి కాసేపు అక్కడే నిలబడింది.

శనివారం మధ్యాహ్నం సన్నగా తుంపర పడుతుంటే హెబ్రోను పాక చూరు కిందికి జరిపిన పెట్టె ముందు కూలబడ్డాడు. "ఇంక నావల్ల కాదండీ. రేపు వాయించనని పాస్టరు గారికి చెప్పేస్తాను."

ఈసారి ఆమె నవ్వలేదు. గబగబా లోపలికి పోయి, వెలిగించిన కొవ్వొత్తి తెచ్చింది. చెక్క దిమ్మెల మీదున్న పెట్టె పక్కన మోకరించి, కొవ్వొత్తిని అడుగు భాగానికి చేర్చింది.

"మీటండి."

హెబ్రోను మీటాడు. మంట వంగి వణికింది. ఆమె చెయ్యి కిందికి పోనిచ్చి, దేన్నో బొటనవేలితో గట్టిగా నొక్కింది. "మళ్ళీ."

ఈసారి గర్ర్ర్ లేదు. సముద్రం గొంతు సవరించుకున్నట్టు నిండుగా ఒక్క స్వరం. ఆమె వేలెడు చెక్క బిరడాను బయటికి లాగి చూపించింది.

"నాయనా, ఇదేంది?"

అబ్రహాము బుర్ర గోక్కున్నాడు. "అడుగున బెజ్జం పెట్టకుండా నా చెయ్యి ఊరుకోదు గదమ్మే! పడవను ఒడ్డుకు లాగినాక లోపలి నీళ్ళు దిగొద్దా? సముద్రంలో అయితే తడికి బిరడా ఉబ్బి బిగుసుకునేది."

"ఇది చర్చిలో పెట్టేది గదండీ!" అన్నాడు హెబ్రోను.

"అదీ నిజమే," అని అబ్రహాము గుగ్గిలం కాచడానికి వెళ్ళాడు.

హెబ్రోను కొవ్వొత్తి వైపు చూశాడు. తర్వాత ఆమె వైపు. "ఇన్ని సందులుండగా కొవ్వొత్తి నేరుగా అడుగునే ఎట్లా పెట్టారు?"

ఆనందకుమారి కొవ్వొత్తి ఊదేసింది. "నాయన బెజ్జం వేసేటప్పుడు పెట్టె పట్టుకున్నది నేనే."

"గురువారమే తెలుసా!"

"గురువారమే చెప్పుంటే గురువారమే బండెక్కించుకొని పోయేవాళ్ళు గదా."

"రేపు నా పరువు పోయుంటే?"

"పోనిస్తానా? అందుకే గదా ఇవాళ చెప్పింది!"

తుంపర కాస్తా వానైంది. చూరు నీళ్ళకు వీపు తడుస్తోందన్న ధ్యాసే హెబ్రోనుకు లేదు. "నేనూ ఒకటి చెప్పాలి. నిన్న స్పీకరు మరలన్నీ బిగుతుగానే ఉన్నాయి. విప్పాల్సిన పనే లేదు. నీ మజ్జిగ కోసం విప్పాను."

'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరికీ తెలియలేదు. వెనక నిలబడ్డ అబ్రహాముకు తెలిసింది.

"ఆ బెజ్జం పూడుస్తా, పక్కకు జరగండి," అన్నాడు గుగ్గిలం ముంత పట్టుకొని. ఇద్దరూ చెరో పక్కకు దూకారు. పని కానిచ్చి, చేతులు తుడుచుకుంటూ లేచాడాయన. "ఇదో అబ్బయ్యా. రేపు తెల్లారంగానే పెట్టెను ఎద్దులబండి మీద నేనే తెస్తా. ఆనందీ వస్తాది. ఆరాధన అయినాక మీ నాయన్ని చర్చి వాకిట్లో ఉండమను. మాట్లాడాల."

"ఏం మాట్లాడతారు మామయ్యా?" అనేసి నాలుక కరుచుకున్నాడు హెబ్రోను.

"నువ్విప్పుడు పిలిచిన పిలుపు సంగతే," అన్నాడు అబ్రహాము. "ముందు నువ్వు మొదటి చరణం దాటించు. తక్కిన పాట మేం పెద్దోళ్ళం చూసుకుంటాం."